అరవై దాటాక అమెరికాలో థ్రిఫ్ట్ షాపింగ్: ఏ కొట్టుకి దేనికోసం వెళ్ళాలి

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వెళదామని అమెరికా వచ్చే అమ్మానాన్నలకీ, ఉద్యోగాలు విరమించి ఇక్కడే ఉండిపోయిన నాలాంటివాళ్ళకీ బట్టల దగ్గర ఒకటే తంటా. ఊరినుంచి తెచ్చుకున్న స్వెటరు న్యూజెర్సీ జనవరికి ఏ మూలకీ రాదు. మాల్‌లో కోటు ధర చూసి మనసులోనే రూపాయల్లోకి మార్చుకుంటే గుండె గుభేలుమంటుంది. "నేను కొంటాను కదా అత్తయ్యా" అని కోడలు అంటుంది గానీ, నాలుగు నెలలు వేసుకునేదానికి అంత పెట్టించడానికి మనసొప్పదు. పైగా ఆ మాల్‌లో ఉన్నవన్నీ పాతికేళ్ళ పిల్లల కొలతలకి కుట్టినవి. మన భుజాలకీ నడుముకీ కుదిరి చావవు.

జనం ఇచ్చేసిన వాడిన బట్టలూ సామానూ అమ్మే థ్రిఫ్ట్ షాపులు దీనికి మంచి విరుగుడు. కాకపోతే అన్నీ ఒక్కలాంటివి కావు. మామూలుగా అందరూ ఎక్కడ చవక అని అడుగుతారు. అరవై దాటినవాళ్ళు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వేసి చూసుకోవడానికి ట్రయల్ రూము ఉందా? కాసేపు కూర్చోడానికి కుర్చీ ఉందా? కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా? ఇవి తేలాకే ధర సంగతి. నాలుగు డాలర్లే కదా అని కొన్న జాకెట్టు చంకల్లో పట్టేస్తే అది చవక బేరం కాదు, బీరువాలో చోటు తినే దండగ.

కొట్ల సంగతికి వెళ్ళేముందు ఒక శంక. గుడిలో కలిసిన ఒకావిడ "ఎవరో విడిచిన బట్టలు మనం ఎలా వేసుకుంటాం వదినగారూ, పోయినవాళ్ళవేమో కూడా" అంది. పోయినవాళ్ళవి కూడా ఉంటాయి, అందులో దాపరికం ఏమీ లేదు. మరి మన ఇళ్ళలో పాత చీరలూ ప్యాంట్లూ వేసి స్టీలు గిన్నెలు తీసుకున్నాం కదా, ఆ బట్టలు ఎక్కడికి పోయాయి? ఎవరో ఉతికి, చిరుగులు కుట్టి, సంతలో పెడితే ఇంకెవరో కొని కట్టుకున్నారు. అప్పుడు మనం ఇచ్చే పక్కన ఉన్నాం, ఇప్పుడు కొనే పక్కన ఉన్నాం. మడి పట్టింపు ఉన్నవాళ్ళు పూజకి కట్టుకునేవి ఎలాగూ విడిగా పెట్టుకుంటారు. ఉన్నికోటు వేసుకుని వ్రతానికి ఎవరూ కూర్చోరు కదా.

పెద్ద గొలుసు దుకాణాలు (చైన్ స్టోర్లు)

ఎక్కువమందికి తెలిసింది గుడ్‌విల్. 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు మొదలుపెట్టారు. డబ్బున్నవాళ్ళ పేటల్లో పాత బట్టలూ సామానూ పోగుచేసి, పనిలేని పేదవాళ్ళ చేత బాగుచేయించి అమ్మించేవారు. ఇప్పటికీ వచ్చే డబ్బులో చాలా భాగం ఉద్యోగ శిక్షణకి వెళుతుంది. తెలుసుకోవాల్సింది ఏమిటంటే ఇది ఒకే కంపెనీ కాదు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో సంస్థ. అందుకే డల్లాస్‌లో ఉన్న మీ చెల్లెలు చెప్పిన డిస్కౌంటు మీ ఊళ్ళో ఉండకపోవచ్చు. చాలాచోట్ల వారంలో ఒకరోజు పెద్దవాళ్ళకి తగ్గింపు ఇస్తారు. అది 55 నిండితేనా, 60 నిండితేనా అన్నది ఊరిని బట్టి మారుతుంది. కౌంటర్ దగ్గర అడగండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ధర చీటీలు కూడా రకరకాల రంగుల్లో ఉంటాయి. ఫలానా వారం ఫలానా రంగు సగం ధర అని బోర్డు పెడతారు. లోపలికి వెళ్ళగానే ఆ రంగేదో చూసుకుంటే మిగతా పని సులువు.

ఇదే గుడ్‌విల్‌కి ఔట్‌లెట్లు కూడా ఉన్నాయి. అందరూ బిన్స్ అంటారు. దుకాణాల్లో అమ్ముడుపోనివి పెద్ద పెద్ద తొట్లలో కుమ్మరించి తూకానికి అమ్ముతారు. అన్నిటికంటే చవక ఇక్కడే. మనకి అన్నిటికంటే పనికిరానిదీ ఇదే. గంటలకొద్దీ వంగి కెలకాలి, కొత్త తొట్టి తెచ్చినప్పుడల్లా జనం ఎగబడతారు, వేసి చూసుకోవడానికి చోటుండదు. నడుం నొప్పో మోకాళ్ళ నొప్పో ఉన్నవాళ్ళు అటు చూడకండి. మనవరాలు సరదాపడితే దాన్ని పంపించండి.

సాల్వేషన్ ఆర్మీ లండన్‌లో 1865లో పుట్టిన క్రైస్తవ సంస్థ. అమెరికాలో వాళ్ళ దుకాణాల డబ్బు తాగుడు, మత్తుమందుల నుంచి బయటపడేవాళ్ళ పునరావాస కేంద్రాలకి వెళుతుంది. నేను చూసినంతలో అక్కడ కుర్చీలూ బల్లలూ గిన్నెలూ బాగుంటాయి, బట్టలు అంతంత మాత్రం. ఆదివారం చాలాచోట్ల మూసి ఉంటుంది, కనుక్కుని బయల్దేరండి.

సేవర్స్ (కొన్నిచోట్ల దీని పేరు వాల్యూ విలేజ్) వీటికి పూర్తిగా భిన్నం. అది లాభం కోసం నడిచే కంపెనీ. 2023లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి కూడా వచ్చింది. స్వచ్ఛంద సంస్థల దగ్గర బట్టలు కొని అమ్ముతుంది. కాబట్టి అక్కడ కొంటే పుణ్యమని కాదు, సౌకర్యమని వెళ్ళాలి. సైజుల వారీగా సర్ది ఉంటుంది, నడవడానికి చోటు ఎక్కువ, వెలుతురు బాగుంటుంది. ధర గుడ్‌విల్ కంటే కాస్త ఎక్కువ అనిపించినా, ఎక్కువసేపు నిలబడలేనివాళ్ళు మొదట ఇక్కడికే వెళ్ళడం మంచిదని నేనంటాను.

వీటన్నిటితో ఒక చిక్కుంది. కోవిడ్‌లో మూసిన ట్రయల్ రూములు కొన్నిచోట్ల మళ్ళీ తెరవలేదు. అలాంటి చోటికి వెళితే లెగ్గింగ్సూ పల్చటి టీషర్టూ వేసుకుని వెళ్ళండి, వాటిమీదే తొడిగి చూసుకోవచ్చు. కొలత టేపు సంచిలో ఉండాలి. ఇంట్లో మీకు బాగా కుదిరిన కుర్తా ఒకటి పరిచి భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాకా, చంక నుంచి చంక దాకా, మెడ నుంచి అంచు దాకా కొలిచి ఫోన్లో రాసి పెట్టుకుంటే చీటీ మీద సైజు అంకె చూడనవసరమే లేదు.

ఆ అంకెని నమ్మకపోవడానికి కారణం ఉంది. అమెరికాలో ఆడవాళ్ళ రెడీమేడ్ బట్టల కొలతలకి ప్రభుత్వం 1958లో ఒక ప్రమాణం ప్రకటించి, 1983లో ఎత్తేసింది. ఆ తర్వాత ఏ కంపెనీ లెక్క దానిది. కొనేవాళ్ళని మురిపించడానికి అంకెలు తగ్గిస్తూ వచ్చారు. అందువల్ల పాతకాలం గౌను మీద 14 అని ఉంటే అది ఇప్పటి 14 కంటే చాలా చిన్నది. ఇంకో విశేషం ఏమిటంటే, ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ 55 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళ ఒంటికి విడిగా కొలతల పట్టికే తయారుచేసింది. వయసుతో భుజాలు ముందుకు వంగుతాయి, నడుము లావెక్కుతుంది, వీపు గుండ్రమవుతుంది. దుకాణంలో ఏదీ కుదరకపోతే తప్పు మన ఒంటిది కాదు, ఆ పట్టిక చూడకుండా కుట్టినవాళ్ళది.

చర్చి కొట్లు, ఎస్టేట్ సేల్స్

నా ఓటు వీటికే. చర్చి కింది అంతస్తులోనో, ఆసుపత్రి పక్కనో చిన్న గదుల్లో నడిచే థ్రిఫ్ట్ కొట్లు చాలా ఊళ్ళలో ఉన్నాయి. వారానికి రెండు మూడు రోజులే, అదీ కొన్ని గంటలే తెరుస్తారు. జీతం లేకుండా పనిచేసే డెబ్బై, ఎనభై ఏళ్ళ ఆడవాళ్ళు నడుపుతారు. మనం మోకాలు పట్టుకోగానే కుర్చీ తెచ్చి వేస్తారు. ఏ బట్ట ఎవరిచ్చారో కూడా ఒక్కోసారి చెబుతారు. కార్డు తీసుకోని చోట్లు ఉంటాయి, చిల్లర పట్టుకెళ్ళండి. రిటైరైన టీచర్లూ నర్సులూ ఎక్కువున్న పాత పేటల్లో అయితే ఉన్ని స్కర్టులు, సిల్కు స్కార్ఫులు, బ్రూచీలు, తోలు సంచులు బాగా దొరుకుతాయి. గొలుసు దుకాణాల్లో మంచి సరుకు ఏరి ఆన్‌లైన్‌లో పెట్టేస్తున్నారని ఒక మాట ఉంది. ఇక్కడ ఆ బెడద తక్కువ.

ఎస్టేట్ సేల్ అంటే ఎవరో కాలం చేసినప్పుడో, ఇల్లు ఖాళీచేసి వృద్ధాశ్రమానికి వెళుతున్నప్పుడో ఇంట్లోనే సామానంతా ధరలు వేసి అమ్మడం. సాధారణంగా శుక్రవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. చివరి రోజు చాలావరకు సగం ధరకి ఇచ్చేస్తారు. మొదటి రోజు పొద్దున్నే క్యూ కట్టేది వ్యాపారులు. మనకి బట్టలే కావాలి కాబట్టి చివరి రోజు చాలు. పడకగది అల్మారా చూడండి, బేస్‌మెంటు మెట్లు దిగకండి. ఆ మెట్లు చాలాచోట్ల నిట్టనిలువుగా ఉంటాయి, కొన్నిచోట్ల పట్టుకోవడానికి రెయిలింగు కూడా ఉండదు. బేరం ఆడవచ్చు గానీ ఇంటివాళ్ళు అక్కడే ఉంటే గొంతు తగ్గించి ఆడండి.

కన్‌సైన్‌మెంట్ షాపులు వేరే కోవ. వాళ్ళు ఏరి, మంచి బ్రాండ్లే పెట్టుకుని, అమ్ముడైతే ఇచ్చినవాళ్ళకి వాటా ఇస్తారు. బట్ట నాణ్యంగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. పెళ్ళికో గ్రాడ్యుయేషన్‌కో ఒక మంచి జాకెట్టు కావాలంటే వెళ్ళండి, లేకపోతే అక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో వాడిన బట్టలు అమ్మే థ్రెడ్‌అప్, పోష్‌మార్క్ ఉన్నాయి. ఫలానా కంపెనీ ఫలానా సైజు మీకు కుదురుతుందని ముందే తెలిస్తే తప్ప వద్దంటాను. తిప్పి పంపే నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, పార్సిల్ కట్టి పోస్టాఫీసు చుట్టూ తిరగడం కొడుకు నెత్తిన పడుతుంది. దానికంటే బై నథింగ్ మేలు. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఇద్దరు ఆడవాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒకే పేటవాళ్ళు తమకి అక్కర్లేనివి డబ్బు తీసుకోకుండా ఇచ్చిపుచ్చుకుంటారు. "మా అమ్మగారు మార్చి దాకా ఉంటారు, మీడియం సైజు కోటు ఉంటే చెప్పండి" అని ఆ పేట ఆన్‌లైన్ గ్రూపులో కోడలు ఒక మాట రాస్తే చాలు. వరండాలో పెట్టి ఉంచుతారు. తెచ్చుకునే వంకన పక్కవీధి వాళ్ళు పరిచయమవుతారు. పొద్దంతా ఇంట్లో ఒంటరిగా కూర్చునే అమ్మానాన్నలకి కోటుకంటే అది పెద్ద లాభం.

పిల్లలు లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్ళు బోర్డు మీద వేరే పేరు వెతకాలి. బ్రిటన్‌లో వీటిని చారిటీ షాప్ అంటారు, బజారు వీధిలోనే వరసగా ఉంటాయి, కారు అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో ఆప్ షాప్ అంటారు.

ఏది అక్కడ కొనాలి, ఏది కొనకూడదు

కోటూ స్వెటరూ కళ్ళు మూసుకుని థ్రిఫ్ట్‌లోనే కొనండి. ఉన్ని ఎంత పాతదైనా పురుగు కొట్టకపోతే పాడవదు. పైగా పాతవాటిలో నూరుపాళ్ళ ఉన్ని ఎక్కువ, ఇప్పటి చవక కోట్లలో పాలియెస్టరు ఎక్కువ. కొనేముందు కోటుని దీపానికెదురుగా పట్టుకుని చూస్తే పురుగు కొట్టిన చిల్లులు చుక్కల్లా తెలుస్తాయి. చంకల దగ్గర కుట్టు పిగిలిందా, లోపలి లైనింగ్ చిరిగిందా, గుండీలన్నీ ఉన్నాయా చూడండి. గుండీ పోతే పెద్ద లెక్క కాదు, జిప్పు పాడైతే వదిలేయండి. చేతులు పొడవైతే దర్జీ తేలిగ్గా కురచ చేస్తాడు. భుజం మాత్రం సరిపోకపోతే ఎంత అందంగా ఉన్నా మళ్ళీ తగిలించేయండి. భుజం విప్పి కుట్టించే ఖర్చుతో ఇంకో కోటు వస్తుంది.

లోపల లేబుల్ చదవడం ఒక సరదా. ఉతికే సూచనలున్న చీటీ 1972 నుంచి అమెరికాలో తప్పనిసరి అయింది, అది మొదటినుంచీ లేని గౌను అంతకంటే పాతదని ఊహించవచ్చు. పక్క కుట్టులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే కార్మికుల యూనియన్ ఐఎల్‌జీడబ్ల్యూయూ ముద్ర కనిపిస్తే అది 1995కి ముందుది, ఎందుకంటే ఆ ఏడాది ఆ యూనియన్ మరోదానిలో కలిసిపోయింది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో చిన్న గుడ్డముక్క అది. ఆ కాలపు కుట్టు గట్టిది, లోపల బట్ట వదిలి కుడతారు కాబట్టి నడుము దగ్గర కాస్త వదులు చేయించుకునే వీలుంటుంది.

నాన్నగారి కోసం చూస్తుంటే హారిస్ ట్వీడ్ లేబుల్ మీద కన్నేయండి. గోళం, దానిమీద శిలువ బొమ్మ ఉంటుంది. స్కాట్లండ్‌కి పడమట ఉన్న దీవుల్లో నేతగాళ్ళు తమ ఇళ్ళలోనే మగ్గం మీద నేసిన ఉన్నిబట్ట అది. ఆ పేరుని ఇంకెవరూ వాడకుండా బ్రిటిష్ పార్లమెంటు 1993లో చట్టమే చేసింది. పోచంపల్లి, చీరాల నేతలు చూసిన కళ్ళకి దాని పనితనం ఇట్టే తెలుస్తుంది. దూరానికి ఉట్టి గోధుమరంగు. కళ్ళ దగ్గర పెట్టుకుంటే ఒక్క పోగులోనే ఆకుపచ్చ, నారింజ, నీలం నూగులా కలిసి ఉంటాయి, ఎందుకంటే ఉన్నికి రంగు వేశాకే దారం వడుకుతారు. కొత్తది వందల డాలర్లు. థ్రిఫ్ట్‌లో మగవాళ్ళ వైపు అది మామూలు జాకెట్టు ధరకే వేలాడుతుంటుంది. మగవాళ్ళ విభాగం చిన్నదే, వాళ్ళు చిరిగేదాకా వేసుకుంటారు మరి. సూట్లూ కోట్లూ మాత్రం నలగకుండా వస్తాయి.

ప్యాంట్లు థ్రిఫ్ట్‌లో వద్దు. తొడుక్కుని, కూర్చుని, లేచి చూసుకోవాల్సిన బట్ట అది. ఎలాస్టిక్ నడుముది కొత్తదే కొనుక్కోండి, బిల్లు దాచుకోండి. బూట్ల సంగతి ఇంకా కచ్చితం. వాడిన బూటు మడమ వేరొకరి నడకకి ఒక పక్కకి అరిగి ఉంటుంది. ఈ వయసులో కాలు మడతపడితే తుంటి ఎముక దాకా వెళుతుంది. వేసుకోకుండా దాచిన పాత బూట్లయినా నమ్మలేం, పాలీయూరితేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అడుగైతే ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండి ఉన్నట్టుండి పొడిపొడిగా రాలిపోతుంది. పాదరక్షల దగ్గర పొదుపు వద్దు.

స్కార్ఫులు, శాలువాలు, పూసల దండలు, సంచులు: వీటికి కొలత గొడవ లేదు. చర్చి కొట్టులో మనసారా ఏరుకోండి.

పట్టుచీరలు వాడినవి కొనడం మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు మామూలైపోయింది. అందులో చూసుకోవాల్సింది మడత. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంటే పిగిలిపోతుంది. చీర పూర్తిగా విప్పిన వీడియో అడగండి, అంచు ఒక్కటే చూపించే ఫోటోకి డబ్బు పంపకండి. జాకెట్టు ముక్క ఉందో వాడేశారో కూడా అడగాలి.

సోకు సంగతి

"ఈ వయసులో నాకెందుకమ్మా రంగులు" అనే మాట మన ఇళ్ళలో ఎంతమంది నోట విన్నానో. కొందరికి అది అలవాటు. భర్త పోయిన కొందరికి నలుగురూ నోటితో చెప్పకపోయినా పెట్టిన ఆంక్ష. లేత బూడిదరంగు, గోధుమరంగు తప్ప ముట్టుకోరు. మాల్‌లో వంద డాలర్లు పోసి ఎర్రకోటు కొనే ధైర్యం ఎవరికీ చాలదు. చర్చి కొట్టులో పన్నెండు డాలర్లకి దొరికినప్పుడు వేసుకుని అద్దంలో చూసుకోవడానికి ఏం పోయింది? నచ్చకపోతే మళ్ళీ అక్కడే దానంగా ఇచ్చేయవచ్చు. ఈ వయసులో థ్రిఫ్ట్ వల్ల అసలు ప్రయోజనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

నెరిసిన జుట్టు పక్కన వంగపండు రంగు, నెమలికంఠం రంగు, కుంకుమ ఎరుపు భలే నిలుస్తాయి. లేతరంగులు మొహాన్ని ఇంకా వెలవెలబోయేలా చేస్తాయి. కోటు ముదురురంగు కొనడానికి జంకితే మెడ దగ్గర స్కార్ఫుతో మొదలుపెట్టండి. ఐరిస్ ఆఫెల్ అని న్యూయార్క్‌లో ఒకావిడ ఉండేవారు, 2024లో 102 ఏళ్ళ వయసులో పోయారు. పెద్ద డిజైనర్ల బట్టల మీద పాతసామాను సంతల్లో కొన్న లావాటి పూసలదండలు వేసేవారు. 2005లో మెట్రోపాలిటన్ మ్యూజియంవాళ్ళు ఆవిడ బట్టలూ నగలతో ప్రదర్శనే పెట్టారు. ఆవిడ డబ్బు వేరు, మన సంచి వేరు. అయినా సాదా నల్ల స్వెటరు మీద ఒక్క పెద్ద దండ అనే కిటుకు మనకీ పనికొస్తుంది.

చీర కట్టుకునేవాళ్ళకి కోటు పొడవే ముఖ్యం. మోకాళ్ళ దాకా వచ్చే కోటు కుచ్చిళ్ళని సగంలో కోసేసినట్టు కనిపిస్తుంది, నడిస్తే కింద చీర ఉబ్బుతుంది. నడుము దాకా ఉన్న పొట్టి ఉన్నిజాకెట్టు గానీ, పిక్కల కిందికి దిగే పొడుగు కోటు గానీ ఎంచుకోండి. పైట లోపలే ఉండిపోతుంది కాబట్టి పైన జరీ ఎంత ఉన్నా ఎవరికీ కనిపించదు. ఆ రోజుకి అంచు పెద్దగా ఉన్న చీర కట్టుకుంటే పాదాల దగ్గరైనా కనిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక

తెచ్చిన సంచి తిన్నగా పడకగదిలోకి తీసుకెళ్ళకండి. నల్లుల భయం ఉత్తది కాదు. నూలుబట్టలు వేడినీళ్ళలో ఉతికి డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంటకి తక్కువ కాకుండా తిప్పండి. ఉన్నిని అలా చేస్తే కుంచించుకుపోయి మనవడికి సరిపోతుంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, సున్నా ఫారన్‌హీట్ దాకా చల్లబడే డీప్ ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచండి, పురుగులూ గుడ్లూ చస్తాయి. కోడలికి ముందే చెప్పి పెట్టండి, గోంగూర పక్కన స్వెటరు చూసి హడలిపోకుండా. కలరా ఉండల వాసన కొడుతుంటే కొన్ని రోజులు గాలికి ఆరేస్తే తగ్గుతుంది, అప్పటికీ పోకపోతే ఇక పోదు. కొట్టులోనే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వదిలేయడం మేలు. కోటుకి డ్రై క్లీనింగ్ కావాలంటే ఆ ఖర్చు కూడా కోటు ధరలో కలుపుకుని లెక్కవేయండి. ఒక్కోసారి కోటుకంటే ఉతుకే ఎక్కువవుతుంది, అప్పుడు కన్‌సైన్‌మెంట్ షాపులో శుభ్రంగా ఉన్నదే చవక.

తిరుగు ప్రయాణం దగ్గరపడినప్పుడు బరువుకోట్లు పెట్టెలో కుక్కకండి. చాలా విమానాల్లో పెట్టెకి 23 కిలోలే, ఆ చోటుకి పిల్లలు కొనిపెట్టే బాదంపప్పులూ చాక్లెట్లూ పోటీ ఉంటాయి. ఉతికి, కొన్నచోటే ఇచ్చేసి రండి. రసీదు ఇస్తే తీసుకుని అబ్బాయికివ్వండి, పన్ను లెక్కల్లో పనికొస్తుందేమో వాడు చూసుకుంటాడు. స్కార్ఫులు తేలికే కాబట్టి తెచ్చుకోవచ్చు. హారిస్ ట్వీడ్ మాత్రం నాన్నగారు ఇవ్వనంటారు. గుంటూరు ఎండలకి దాంతో ఏం పని అని వాదించకుండా అబ్బాయి అల్మారాలో తగిలించి రండి, వచ్చే చలికాలానికి మళ్ళీ కొననక్కర్లేదు.